తాళం సరే... దేనికి కట్టారు?

*కాలేజీ ముందో బజార్లోనో సైకిల్ పెడితే తాళం మరచిపోం. ఇంటి కింద గ్యారేజీలో పెట్టేసరికి ధీమా వచ్చేస్తుంది. దొంగకి కావలసిందీ ఆ ధీమానే. ఉప్పుగాలి, ఎడతెగని వాన, చీకటి సాయంత్రాల అండమాన్‌లో ఇంట్లో ఉన్న సైకిల్‌ని ఎలా కాపాడుకోవాలి?*

రాత్రంతా రేకుల మీద వాన. శ్రీ విజయపురంలోని డైరీ ఫార్మ్ పేటలో తెల్లవారడం తొందరే. మబ్బు పట్టిన రోజైనా ఐదింటికల్లా ఎదుటి మనిషి ముఖం తెలిసేంత వెలుతురు వచ్చేస్తుంది. పదో తరగతి కుర్రాడు బూట్లు తొడుక్కుని, ప్రాక్టీసుకి వెళ్దామని ఇంటి కింది గ్యారేజీలోకి దిగాడు. తలుపుకి తాళం వేసినట్టే ఉంది. ఇత్తడి తాళంకప్ప, గొళ్ళెం, అన్నీ రాత్రి నాన్న వేసినచోటే ఉన్నాయి. తలుపు మాత్రం రెండో పక్క నుంచి ఊడివచ్చి గోడకి చేరగిలబడింది. కీళ్లకి ఉండాల్సిన స్క్రూలు గుమ్మం ముందు వాననీట్లో పడున్నాయి. లోపల స్కూటర్ ఉంది, గ్యాస్ బండ ఉంది, కొబ్బరికాయల బస్తా ఉంది. సైకిల్ ఉండే మూల ఖాళీ. ఆకుపచ్చ ప్లాస్టిక్ తొడుగు వేసిన కేబుల్ తాళం రెండు ముక్కలై నేల మీద ఉంది.

కుర్రాడు అరవలేదు. మెట్ల మీద కూర్చుండిపోయాడు. వాళ్లమ్మ దిగివచ్చి చూసి కేక పెడితే పక్కింటివాళ్లు గొడుగులేసుకుని వచ్చారు.

"ఏటైనాది వదినా?"

"సైకిలు నేదమ్మా. తాళం సూడు, ఏసినట్టే ఉంది. సైకిలు నేదు."

నాన్న రాత్రి డ్యూటీ దిగి ఏడింటికి వచ్చాడు. ఏమీ అనలేదు. ఊడిన తలుపు దగ్గర నిలబడి తాళంచెవి జేబులోంచి తీసి, తాళం తెరిచి, మళ్లీ వేశాడు. తాళం బాగానే పనిచేస్తోంది.

ఆ తర్వాత వీధిలో జరిగిన చర్చ అండమాన్‌లో ఏ వీధిలోనైనా వినిపించేదే. "దీవి కదా, ఎక్కడికి పోతుందిలే, దొరుకుద్ది" అని ఒకరు. "మొత్తం సైకిలు ఎవడు అమ్ముతాడు, చక్రాలు వేరు, హ్యాండిల్ వేరు చేసి అమ్మేస్తారు" అని ఇంకొకరు. "అయినా ఇంట్లో ఉన్న సైకిల్‌కి ఎన్ని తాళాలేస్తాం బాబూ?" అని ఒక పెద్దాయన. ఈ కథనమంతా ఆ పెద్దాయన ప్రశ్నకి జవాబే.

సముద్రం దాటి వచ్చిన సైకిల్

2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. డైరీ ఫార్మ్ పేరు మాత్రం డైరీ ఫార్మే. ఈ ఊళ్లో ఎటు తిరిగినా తెలుగు వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి చేపల వేటకి, కూలి పనులకి, తర్వాత సర్కారు ఉద్యోగాలకి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పెళ్లిళ్లకి విశాఖ ఓడ. ఇప్పుడు మూడో తరం పిల్లలు పెరుగుతున్నారు.

ఆ పిల్లలకి సైకిల్ పిచ్చి ఉండటంలో ఆశ్చర్యం లేదు. దేశానికి సైక్లింగ్‌లో పేరు తెచ్చినవాళ్లు ఈ దీవుల నుంచే వచ్చారు. 2004 డిసెంబర్ 26 సునామీలో తొమ్మిదేళ్ల నికోబార్ పిల్ల డెబోరా హెరాల్డ్ రోజుల తరబడి చెట్టు పట్టుకుని బతికి బయటపడింది. పెద్దయ్యాక ట్రాక్ సైక్లింగ్‌లో దేశం తరఫున పోటీ చేసింది. ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగల్‌లో జూనియర్ ప్రపంచ పోటీల కీరిన్ పందెంలో వెండి పతకం తెచ్చాడు. మరుసటి ఏడు జర్మనీలో జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో బంగారం గెలిచిన భారత జట్టులోనూ ఉన్నాడు. ఇలాంటి పేర్లు వింటూ పెరిగిన పిల్లవాడు సైకిల్ అడిగితే కాదనడం తల్లిదండ్రులకి కష్టం.

పైగా ఊరంతా ఎత్తుపల్లాలు. గేర్లు లేని సైకిల్‌తో జంగ్లీఘాట్ వైపు దిగడం తేలికే కానీ తిరిగి ఎక్కడం గుండెల మీదికి వస్తుంది. అందుకే గేర్ సైకిల్, డిస్క్ బ్రేకులు. పది వేలతో మొదలై ముప్పై, నలభై వేలకి పోతుంది. దీవిలోకి వచ్చే ప్రతి వస్తువులాగే సైకిలూ ఓడలో రావాలి. చెన్నై, విశాఖ, కోల్‌కతా రేవుల నుంచి వచ్చే సరుకుకి రవాణా ఖర్చు కలుస్తుంది. ఒక స్పేర్ చక్రం కావాలన్నా వారాల తరబడి ఎదురుచూడాలి. అంటే ఇక్కడ సైకిల్ పోతే ధరతో పాటు నెలలు కూడా పోతాయి. ఆ కుర్రాడికి జిల్లా పోటీ ముందున్న నెల పోయిందంటే ఒక ఏడాది పోయినట్టే. దొంగ ఎత్తుకెళ్లినదాని విలువ బిల్లులో రాసి ఉండదు.

గ్యారేజీ దొంగకి ఇచ్చేవి

వీధిలో సైకిల్ కొట్టేసేవాడికి భయం ఎక్కువ. నలుగురు చూస్తారు. నిమిషంలో పని కాకపోతే వదిలేసి పోతాడు. గ్యారేజీ అలా కాదు. ఒక్కసారి లోపలికి దూరాడంటే వాడికి చాటు దొరికింది, టైమ్ దొరికింది. అండమాన్‌లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. డిసెంబర్‌లో ఐదు దాటేసరికే. వానాకాలంలో రేకుల మీద చప్పుడు ఎంతంటే, కింద రంపంతో కోసినా పై అంతస్తులో వినపడదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటుంది. దొంగకి కావలసిన పనిముట్లు మనమే పెట్టి ఉంచుతాం. గ్యారేజీ అంటే మన దగ్గర సగం స్టోర్ రూమే. గునపం, సుత్తి, హాక్సా, కటింగ్ ప్లయర్, కొబ్బరికాయలు కొట్టే కత్తి, నిచ్చెన, అన్నీ అక్కడే. కొన్ని ఇళ్లలో వెల్డింగ్ పనికి తెచ్చుకున్న కట్టింగ్ మెషిన్ కూడా ప్లగ్ పాయింట్ పక్కనే ఉంటుంది. దొంగ ఖాళీ చేతులతో వచ్చినా పని ముగించుకుని పోగలడు. కొత్త తాళం కొనకముందే చేయాల్సిన పని ఇది, పైసా ఖర్చు లేనిది: పనిముట్లని ఇంట్లోకి మార్చడం, లేదా ఇనప పెట్టెలో పెట్టి ఆ పెట్టెకి తాళం వేయడం.

తర్వాత తలుపు. మన ఇళ్లలో గ్యారేజీ తలుపు అంటే రేకు తలుపో, చెక్క తలుపో, రోలింగ్ షట్టరో. పెద్ద తాళంకప్ప కొంటాం. దాన్ని పట్టుకునే గొళ్ళేన్ని మాత్రం నాలుగు చిన్న స్క్రూలతో బిగిస్తాం. ఆ స్క్రూలు బయటికే కనిపిస్తుంటాయి. కీళ్లు బయటివైపుంటే స్క్రూడ్రైవర్ చాలు, పైన చెప్పిన ఇంట్లో జరిగింది అదే. స్క్రూలు తీయించి, తలుపుకి ఆరపార పోయే గుండు తల బోల్టులు వేయించి, నట్లు లోపలివైపు బిగించాలి. వడ్రంగికి అరపూట పని. షట్టర్ అయితే మధ్య తాళం ఒక్కటీ చాలదు, రెండు చివర్లా కింద తాళాలు పడాలి. ఒక్క మధ్య తాళమే ఉంటే ఒక మూల గునపం పెట్టి ఎత్తితే రేకు వంగి మనిషి దూరేంత సందు వస్తుంది.

---

▣ బాక్స్: గోడ గూట్లో గడియ

*డైరీ ఫార్మ్ నుంచి కాసేపట్లో చేరుకోగలిగినంత దూరంలోనే తాళాల గురించి పాఠం చెప్పే కట్టడం ఒకటుంది, సెల్యులార్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టారు. ఏడు బారులు, దాదాపు ఏడు వందల గదులు, ఒక్కో గది పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. మన్యం పోరాటంలో పట్టుబడ్డవారిలో కొందరినీ ఈ దీవులకే పంపారు.*

*ఆ గదుల తలుపులు చూసినవాళ్లకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. గడియ తలుపు దగ్గర ముగిసిపోదు. పొడవాటి కడ్డీ పక్క గోడలో తొలిచిన గూటిదాకా పోతుంది, తాళం ఆ గూట్లో పడుతుంది. ఊచల సందులోంచి ఖైదీ ఎంత చెయ్యి చాచినా తాళం అందదు. కట్టినవాళ్లు తాళం బలాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. అది ఎక్కడ ఉండాలో, దేనిలోకి దిగాలో ఆలోచించారు. మనుషుల్ని బంధించడానికి వాడిన ఆ తెలివి క్రూరమైనది. కానీ తాళం చెయ్యి, పనిముట్టు అందని చోట ఉండాలి, గోడంత బలమైనదానికి పట్టుకుని ఉండాలి అన్న మాట మాత్రం సైకిల్‌కీ వర్తిస్తుంది.*

---

కేబుల్, గొలుసు, యు-లాక్

సైకిల్ కొంటే షాపువాళ్లు ఉచితంగా ఇచ్చేది, లేదా రెండు మూడు వందలకి అమ్మేది కేబుల్ తాళం. చూడ్డానికి బొటనవేలంత లావుంటుంది. అందులో ఎక్కువ భాగం ప్లాస్టిక్. లోపల సన్న తీగల పేట. చిన్న కట్టర్‌తో క్షణాల్లో తెగుతుంది. పాలు తేవడానికి వెళ్లినప్పుడు రెండు నిమిషాలు ఆపడానికి సరే. రాత్రంతా గ్యారేజీలో సైకిల్‌కి దీన్ని నమ్ముకోవడం మాత్రం తాళం వేయకపోవడం కన్నా ఎక్కువేం కాదు. నంబర్ల కేబుల్ అయితే మరీను. నాలుగు అంకెలంటే పది వేల కలయికలు, నిజమే. చవక రకాల్లో చక్రాలు తిప్పుతుంటే సరైన అంకె దగ్గర చేతికి తేడా తెలిసిపోతుంది, అన్నీ ప్రయత్నించాల్సిన పనే ఉండదు.

పాత సైకిళ్లకి వెనక చక్రం మీద ఉండే గుండ్రటి తాళం మన తాతల కాలం నుంచీ ఉంది. చక్రం తిరగకుండా ఆపుతుంది. సైకిల్‌ని ఎత్తి భుజానేసుకుని పోవడాన్ని ఆపదు. రెండో తాళంగా బాగుంటుంది, ఒంటరిగా పనికిరాదు.

ఇక యు-లాక్. దీని పుట్టుక కథ బాగుంటుంది. 1970ల మొదట్లో అమెరికాలో మైఖేల్ జేన్ అనే యువకుడు క్రిప్టోనైట్ పేరుతో ఈ తాళాన్ని అమ్మడం మొదలుపెట్టాడు. నమ్మించడానికి 1972లో న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ఒక సైకిల్‌ని ఆ తాళంతో కట్టి నెల రోజులు వదిలేశారు. ఊడదీయడానికి వీలైన భాగాలన్నీ పోయాయి. తాళం, అది పట్టుకున్న ఫ్రేమ్ మిగిలాయి. తాళం గెలిచింది. చక్రాలు మాత్రం పోయాయి. ఫ్రేమ్‌తో పాటు వెనక చక్రాన్నీ కలిపి కట్టాలన్న పాఠం అందులోనే ఉంది. చేత్తో తిప్పితే ఊడివచ్చే క్విక్ రిలీజ్ చక్రాలున్న సైకిల్ అయితే ముందు చక్రానికీ ఏదో ఒక కట్టు పడాలి.

అదే కంపెనీకి 2004లో పెద్ద దెబ్బ తగిలింది. గొట్టం ఆకారంలో చెవి ఉండే రకాన్ని ప్లాస్టిక్ బాల్ పెన్ను గొట్టంతో తెరవొచ్చని ఒకాయన వీడియో తీసి చూపించాడు. కంపెనీ పాత తాళాలు తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే ఈనాటికీ గుండ్రటి గొట్టం చెవి ఉన్న చవక తాళం కనిపిస్తే పక్కన పెట్టేయమంటాను. చెవి పలకగా ఉండి, అంచుల మీద ఏటవాలు గాట్లున్న డిస్క్ డిటైనర్ రకం తెరవడం కష్టం.

యు-లాక్ కొనేటప్పుడు చూడాల్సినవి మూడు. కడ్డీ కనీసం 14 మిల్లీమీటర్లు ఉండాలి, 16 అయితే ఇంకా మంచిది. రెండు కాళ్లూ లోపల బిగుసుకునే రకం కావాలి. ఒక్క కాలే బిగుసుకునేదాన్ని ఒకచోట కోస్తే చాలు, రెండో కాలిని తిప్పి లాగేస్తారు. రెండూ బిగుసుకుంటే రెండుచోట్ల కోయాలి. మూడోది, యు మరీ పెద్దదిగా ఉండకూడదు. లోపల ఖాళీ ఉంటే అక్కడ గునపమో చిన్న జాకీయో పెట్టి విరిచేస్తారు. ఫ్రేమ్, చక్రం, కొక్కెం పట్టి ఇంక వేలు దూరనంత ఉంటే చాలు.

బరువు ఇక్కడ లాభమే

గ్యారేజీలో సైకిల్ పెట్టేవాళ్లకి వీధిలో పెట్టేవాళ్లకి లేని ఒక సౌకర్యం ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు. వీధి తాళాన్ని మోసుకుపోవాలి కాబట్టి తేలిగ్గా ఉండాలి. గ్యారేజీ తాళం ఎక్కడికీ పోదు. ఎంత బరువైనా ఫర్వాలేదు. కాబట్టి అక్కడ మందపాటి గొలుసు వేయండి, అక్కడే వదిలేయండి. బయటికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లేది వేరే చిన్న తాళం.

మందం ఎంత? చేత్తో నొక్కే బోల్ట్ కట్టర్‌తో 10 మిల్లీమీటర్ల గొలుసు లింకుని బలమైన మనిషి తెంచగలడు. 13 దగ్గర కట్టర్ పెద్దదై ఉండాలి. గట్టిపరచిన ఉక్కుతో చేసిన 16 మిల్లీమీటర్ల లింకు చేతి కట్టర్‌కి లొంగదు. ఈ గొలుసు మీటరుకి ఐదు కిలోలు దాటుతుంది. అంత బరువు సైకిల్ మీద మోసేవాళ్లు లేరు, గోడకి వేలాడితే మాత్రం ఎవరికీ బరువు కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన అమ్మే గొలుసు చూడ్డానికి లావుగానే ఉంటుంది, కానీ మెత్తటి ఇనుము. హాక్సాతో కోసేస్తారు. తేడా తెలుసుకోవడానికి పాతకాలం కమ్మరి పరీక్ష ఒకటి పనికొస్తుంది. ఒక చిన్న ఆకురాయి తీసుకెళ్లి, షాపువాడిని అడిగి, లింకు మీద ఒకచోట రాయండి. ఆకురాయి కరుచుకుని పొడి రాలిస్తే మెత్తటిది. జర్రున జారిపోతే పైపొర గట్టిపరిచినది. తాళంకప్ప కడ్డీ మీద "హార్డెన్డ్" అని అచ్చు ఉంటుంది, అదీ చూసుకోండి.

కట్టింగ్ మెషిన్ సంగతేమిటని అడుగుతారు. బ్యాటరీతో నడిచే చిన్న గ్రైండర్ ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతోంది. నిజం చెప్పాలంటే మామూలు ఉక్కు తాళం ఏదైనా దాని ముందు నిమిషం రెండు నిమిషాల పనే. బ్లేడునే అరగదీసే మిశ్రమ పదార్థపు పొర వేసిన యు-లాక్‌లు 2021 నుంచి బ్రిటన్ కంపెనీలు తెస్తున్నాయి. ధర మన మామూలు సైకిల్‌ని దాటిపోతుంది. పది వేల సైకిల్‌కి అంత తాళం అవసరం లేదు. గ్రైండర్‌కి ఒక బలహీనత ఉంది, నిప్పురవ్వలు, భయంకరమైన చప్పుడు. చప్పుడు ఎవరి చెవినా పడని రాత్రి గురించే మన ఆలోచన ఉండాలి. గ్యారేజీ తలుపుకి తగిలించే చిన్న అలారం, మనిషి కదిలితే వెలిగే లైటు అందుకే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమయ్యాక అండమాన్‌లో ఇంటర్నెట్ మెరుగుపడింది, ఫోన్‌లో చూసుకునే కెమెరా కూడా సాధ్యమే. అయితే కెమెరా దొంగని చూపిస్తుంది. ఆపేది తాళమే.

అసలు ప్రశ్న: పట్టు

16 మిల్లీమీటర్ల గొలుసు కొన్నాం. దేనికి కట్టాలి? చాలా ఇళ్లలో దీనికి జవాబు ఉండదు. సైకిల్ ఫ్రేమ్ చుట్టూ, దాని చక్రం చుట్టూ గొలుసు తిప్పి వేస్తారు. అప్పుడు తాళం సైకిల్‌ని సైకిల్‌కే కట్టినట్టు. ఇద్దరు మనుషులొస్తే ఎత్తి ఆటోలో వేసుకుపోతారు, తాళాన్ని తీరిగ్గా వాళ్ల ఇంటి దగ్గర తెంచుకుంటారు. కొందరు కిటికీ ఊచకి కడతారు. ఆ ఊచ 10 మిల్లీమీటర్ల చువ్వ. 16 మిల్లీమీటర్ల గొలుసు ఎందుకు కొన్నట్టు?

పట్టు కావాలి. నేలలోకో, కాంక్రీట్ స్తంభంలోకో దిగిన ఉక్కు కొక్కెం. తయారుగా దొరికే గ్రౌండ్ యాంకర్ ఉంటే దాన్ని కాంక్రీట్‌లో రంధ్రాలు చేసి 12 మిల్లీమీటర్ల ఎక్స్‌పాన్షన్ బోల్టులతో బిగిస్తారు. బోల్టు తలలో ఉండే గుంటలో ఒక ఉక్కు గోళీ పెట్టి సుత్తితో కొట్టేస్తే, పానాతో విప్పడానికి వీలుండదు. రంధ్రంలో రెజిన్ పోసి బిగించే పద్ధతి ఇంకా మంచిది.

దొరక్కపోతే మేస్త్రీ, వెల్డర్ కలిసి చేయగలరు. 16 లేదా 20 మిల్లీమీటర్ల చువ్వని యు ఆకారంలో వంచి, కాళ్ల చివర్లకి అడ్డంగా ముక్కలు వెల్డ్ చేసి, నేలలో అడుగున్నర లోతు గొయ్యి తీసి కాంక్రీట్ పోసి నిలబెట్టాలి. పైకి కనిపించే వంపు మీద ముందే ఒక మందపాటి ఇనప గొట్టం వదులుగా తొడగండి. హాక్సా పెట్టి కోయబోతే గొట్టం గిర్రున తిరుగుతుంది, రంపానికి పట్టు దొరకదు. పాత కాలపు చిట్కా ఇది, ఖర్చు లేనిది.

డైరీ ఫార్మ్ లాంటి చోట్ల ఇంకో చిక్కుంది. అండమాన్ భూకంపాల ఐదో జోన్‌లో ఉంది. పాత ఇళ్లలో చెక్క, రేకు గోడలు చాలా ఉన్నాయి, కొత్త ఇళ్లలో బోలు సిమెంట్ ఇటుకలు. వీటిలో బోల్టు దించితే నాలుగు దెబ్బలకి పెళ్లగిలి వస్తుంది. గోడ జోలికి పోకుండా నేలని నమ్ముకోవాలి. అద్దె ఇల్లో సర్కారు క్వార్టరో అయితే నేల తవ్వే హక్కు ఉండదు. అప్పుడు భవనం స్తంభం చుట్టూ గొలుసు తిప్పడం, లేకపోతే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో కాంక్రీట్ పోసి అందులోనే కొక్కెం నిలబెట్టి మూలన పెట్టడం. రెండు వందల కిలోల డ్రమ్ముని సైకిల్‌తో పాటు ఎవరూ ఎత్తుకుపోరు. ఇల్లు మారినప్పుడు మాత్రం నలుగురు చేయి వేయాలి.

ఏ పద్ధతిలో కట్టినా తాళం, గొలుసు నేల మీద పడి ఉండకూడదు. నేల మీదున్న లింకు మీద కట్టర్ ఒక పిడిని నేలకి ఆనించి రెండో పిడి మీద ఒళ్లంతా బరువు వేయొచ్చు. తాళంకప్పని నేల మీద పెట్టి సుత్తితో పగలగొట్టొచ్చు. గాల్లో వేలాడుతుంటే ఆ ఆసరా దొరకదు. గొలుసుని బిగుతుగా, మోకాలి ఎత్తున, గోడ వైపు తాళం పడేలా వేయండి.

---

▣ బాక్స్: ఖైదీకి పందెం

*1817లో ఇంగ్లాండ్‌లోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో దొంగ తాళంచెవులతో దోపిడీ జరిగింది. దాని తర్వాత జెరెమియా చబ్ అనే ఆయన 1818లో ఒక తాళానికి పేటెంట్ తీసుకున్నాడు. ఎవరైనా దొంగచెవితో ప్రయత్నిస్తే లోపల ఒక మీట చిక్కుకుపోయి, ఆ సంగతి యజమానికి తెలిసేలా దాన్ని చేశాడు. అక్కడి ఖైదీల ఓడలో తాళాల పని తెలిసిన ఒకతను ఉన్నాడు. దీన్ని తెరిస్తే విడుదల చేస్తామని, వంద పౌన్లు ఇస్తామని ఆశ చూపారు. నెలల పాటు కుస్తీపట్టి ఓడిపోయాడు.*

*1851లో లండన్ మహా ప్రదర్శనకి వచ్చిన అమెరికన్ హాబ్స్ అదే తాళాన్ని అరగంటలోపు తెరిచాడు. ఆ తర్వాత బ్రామా కంపెనీ దుకాణం అద్దంలో 1790 నుంచి 200 గినీల పందెంతో వేలాడుతున్న తాళాన్ని పదహారు రోజుల్లో, మొత్తం 51 గంటల పనితో గెలిచాడు. తెరుచుకోని తాళం లేదు, ఎంతసేపు పడుతుందన్నదే తేడా.*

---

ఉప్పుగాలి తినేసే తాళం

అండమాన్‌లో తాళానికి దొంగ కన్నా పెద్ద శత్రువు గాలి. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన, మే నుంచి డిసెంబర్ దాకా ఏదో ఒక రుతుపవనం, ఎటు చూసినా సముద్రం. గాల్లోని ఉప్పు తేమతో కలిసి ఇనుము మీద కూర్చుంటే తుప్పు మామూలుకన్నా వేగంగా పడుతుంది. విశాఖ, మచిలీపట్నం తీరాల్లోనూ ఇంతే. రెండు నెలలు తీయకుండా వదిలేసిన తాళంలో చెవి తిరగదు. బలవంతంగా తిప్పితే లోపలే విరుగుతుంది. అప్పుడు మన సైకిల్‌ని మనమే కోసి విడిపించుకోవాలి. ఇది జరిగిన ఇళ్లలో ఆ తర్వాత ఏం చేస్తారో తెలుసా? తాళం వేయడం మానేస్తారు. దొంగతనాలకి తుప్పు అలా దారి తీస్తుంది.

కాబట్టి ఇక్కడ తాళంకప్ప ఇత్తడి ఒంటిదైతే మేలు. ఇనప ఒంటిమీద రంగు వేసినవి, జింకు మిశ్రమంతో పోతపోసినవి చవకగా వస్తాయి, పైన మెరుపు పోగానే పొక్కులు లేస్తాయి. కడ్డీ స్టెయిన్‌లెస్ ఉక్కుదైతే తుప్పుకి బాగా తట్టుకుంటుంది కానీ గట్టిపరిచిన ఉక్కు అంత కోతకి ఆగదు. గ్యారేజీ లోపల కదా, వాన తగలదు, నేనైతే గట్టిపరిచిన ఉక్కునే ఎంచుకుని నూనె రాస్తూ కాపాడుకుంటాను. చెవి రంధ్రం మీద మూత ఉన్నది కొనండి, రంధ్రం కిందికి చూసేలా వేయండి.

నూనె అంటే ఏ నూనె? మన ఇళ్లలో చేతికందేది కొబ్బరినూనె. వేసిన రోజు హాయిగా తిరుగుతుంది, కొన్నాళ్లకి దుమ్ము పట్టి జిగురై తాళాన్నే బిగదీస్తుంది. వంటనూనె ఏదీ వద్దు. గ్రీజూ వద్దు. కుట్టుమిషన్‌కి వేసే పల్చటి నూనె, లేదా తాళాలకనే అమ్మే టెఫ్లాన్ స్ప్రే నెలకోసారి చాలు. తుప్పు విడిపించే స్ప్రే తుప్పు పట్టినప్పుడే, దాని తర్వాత మళ్లీ నూనె వేయాలి. గొలుసు మీద గుడ్డ తొడుగు ఉంటే దాన్ని నెలకోసారి తీసి ఎండబెట్టండి. తొడుగు లోపల ఉండిపోయిన తడే గొలుసుని లోపల్నించి తినేస్తుంది. ఇవన్నీ చేసే బాధ్యత సైకిల్ నడిపే పిల్లలకే అప్పగించాలని నా అభిప్రాయం. పన్నెండేళ్ల పిల్లకి తాళానికి నూనె వేయడం చేతకాని పనేం కాదు.

పోతే ఏం చేయాలి

సైకిల్ పోతే ఫిర్యాదు చేయనివాళ్లే ఎక్కువ. "సైకిల్ కోసం స్టేషన్‌కి పోతామా" అంటారు. చట్టం దాన్ని అంత తేలిగ్గా చూడలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ ప్రకారం మనుషులు నివసించే ఇంట్లో, లేదా వస్తువులు భద్రపరిచే కట్టడంలో దొంగతనానికి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. వీధిలో జరిగే మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే. మన గ్యారేజీలో పోయిన సైకిల్ కేసు పెద్ద కేసని అర్థం. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ పరిధి స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాల్సిందే.

పోలీసులు దొరికిన సైకిల్ మీదేనని ఎలా నమ్మాలి? రంగు మార్చేస్తారు, స్టిక్కర్లు పీకేస్తారు. ఫ్రేమ్ నంబర్ మిగులుతుంది. సైకిల్‌ని తలకిందులుగా పెట్టండి. రెండు పెడళ్ల మధ్య ఇరుసు ఉండే గొట్టం అడుగున సాధారణంగా అంకెలు కొట్టి ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి, బిల్లు ఫొటోతో కలిపి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపండి. ఐదు నిమిషాల పని. సైకిల్ కొన్న రోజునే చేస్తే మంచిది, ఇంకా చేయకపోతే ఈ ఆదివారమే చేయండి.

ముందు ఏది, తర్వాత ఏది

డబ్బు అందరికీ ఒకేలా ఉండదు. పట్టణాల్లో ఖరీదైన తాళాల గురించి మాట్లాడటం సులువు. డైరీ ఫార్మ్‌లో బోటు మీద పనిచేసే తండ్రి ఒక నెల జీతంలో ఎంత తీయగలడు? అందుకే క్రమం ముఖ్యం. పనిముట్లని లోపలికి మార్చడానికి, ఫ్రేమ్ నంబర్ రాసుకోవడానికి ఖర్చే లేదు. తర్వాత తలుపు కీళ్లకి బోల్టులు. ఆ తర్వాత నేలలో కొక్కెం. చివర్న గొలుసు, తాళంకప్ప. మనం అందరం ఈ వరుసని తిరగేసి, మొదట తాళం కొనేసి, మిగతావి వదిలేస్తాం. చేతిలో మూడు వేలుంటే మొత్తం తాళం మీద పెట్టకండి. సగం తలుపుకి, నేలకి పెట్టి, మిగిలిన సగంతో దొరికినంత మంచి గొలుసు కొనండి.

తాళంచెవుల విషయం ఒకటుంది. కొత్త తాళంతో రెండో మూడో చెవులు వస్తాయి, కొన్నిటికి నంబరున్న చిన్న రేకు కూడా ఇస్తారు. ఆ నంబర్‌తో కంపెనీ నుంచి కొత్త చెవి తెప్పించుకోవచ్చు. ఆ రేకుని చెవి గుత్తికే తగిలించి తిరగొద్దు. రెండో చెవి బీరువాలో ఉండాలి. గ్యారేజీ తలుపు పక్కన మేకుకి చెవి వేలాడదీసే ఇళ్లు నేను చాలా చూశాను, దయచేసి ఆ మేకు పీకేయండి.

నేలలో కొక్కెం దించే పని మాత్రం వాయిదా వేయకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తెరిపినిస్తాయి. గొయ్యిలో నీరూరదు, మేస్త్రీ దొరుకుతాడు. కాంక్రీట్ పోశాక వారం రోజులు రోజూ తడుపుతూ, దానికి ఏమీ కట్టకుండా వదిలేయాలి. మే నెల మొదటి వాన పడేలోపు గొలుసు బిగించుకోవచ్చు.